ఎక్కడ నవ్వలేదు? లండన్ నుంచి స్కార్‌బరో దాకా ఆరు రోజులు

మొదటి రోజు

తమ్ముడి ఇల్లు ఈస్ట్ హామ్‌లో. పొద్దున విమానం దిగి ఇల్లు చేరి, స్నానం చేసి పప్పన్నం తిన్నాక మా మేనకోడలు "అత్తా, కాసేపు నడుం వాల్చు, లేకపోతే నాటకంలో నిద్రొస్తుంది" అంది. పడుకున్నాను కానీ కన్ను మూతపడలేదు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివే రోజుల నుంచి ఈ హాళ్ల పేర్లు మాత్రమే తెలుసు నాకు. రాయల్ కోర్ట్, క్రైటీరియన్, స్ట్రాట్‌ఫర్డ్ ఈస్ట్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇరవై ఏళ్లలో బ్రిటిష్ నాటకం ఎలా మారిందో పరీక్షల్లో రాశాను, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. ఒక్క హాలు గడప కూడా తొక్కలేదు.

ఈ ప్రయాణానికి ఇంకో కారణం మా నాన్న. ఆయన పోస్టాఫీసులో పనిచేసేవారు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఒక నాటక సమాజం ఉండేది. అందులో ఆయనవి ఎప్పుడూ హాస్య పాత్రలే. పరిషత్తు పోటీలకు వెళ్తే హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది, ఉత్తమ నటుడి బహుమతి మాత్రం ఏడిపించినవాళ్లకే వెళ్లేది. నన్ను మూడో వరసలో కూర్చోబెట్టి చిన్న నోటు పుస్తకం చేతికిచ్చేవారు. నాటకం అయ్యాక గ్రీన్ రూములో కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎక్కడ నవ్వలేదు?" నేను పుస్తకం చూసి చెప్పాలి. నవ్విన చోట్లు ఆయనకు అక్కర్లేదు. ఈ ప్రయాణానికి అలాంటి నోటు పుస్తకమే ఒకటి కొనుక్కుని బయల్దేరాను.

సాయంత్రం వెస్ట్ స్ట్రీట్‌లో సెయింట్ మార్టిన్స్ థియేటర్‌కు వెళ్లాం. అగాథా క్రిస్టీ రాసిన 'ది మౌస్‌ట్రాప్'. 1947లో రాణి మేరీ ఎనభయ్యో పుట్టినరోజుకని రాసిన రేడియో నాటకం దీనికి మూలం. 1952 నవంబరు 25న పక్కనే ఉన్న అంబాసడర్స్ థియేటర్లో మొదలై, 1974లో ఈ హాలుకు మారింది. కరోనా రోజుల్లో తప్ప ఆగింది లేదు. బయటి హాల్లో ఈ రోజు ఎన్నో ప్రదర్శనో చెప్పే చెక్క బోర్డు ఉంది. మొదటిసారి తెర లేచిన రోజుల్లో బ్రిటన్‌లో చక్కెరకు, మాంసానికి ఇంకా రేషన్ కార్డే. జనం కార్డు జేబులో పెట్టుకుని వచ్చి, మంచులో చిక్కుకున్న ఒక ఇంట్లో హంతకుడెవరో చూసి వెళ్లేవాళ్లు.

నా కళ్లు మాత్రం పొయ్యి గూటి మీద గడియారం దగ్గరే ఆగిపోయాయి. మొదటి రోజు సెట్టులో వాడినవాటిలో ఇప్పటికీ వేదిక మీద ఉన్నది అదే. నటులు ఎన్నిసార్లు మారారో, సెట్టు ఎన్నిసార్లు కట్టారో! మా సమాజం దగ్గర కూడా ఒక చెక్క కుర్చీ ఉండేది. జమీందారు వచ్చినా అదే కుర్చీ, జడ్జి వచ్చినా అదే కుర్చీ. ఆట అయ్యాక ఒక నటుడు ముందుకొచ్చి, హంతకుడెవరో బయట చెప్పొద్దని కోరాడు. చెప్పను.

రెండో రోజు

స్లోన్ స్క్వేర్ స్టేషన్లో రైలు దిగి తలెత్తి చూస్తే, పట్టాల పైన అడ్డంగా పెద్ద ఇనప గొట్టం. వెస్ట్‌బోర్న్ అనే ఏరు అందులోంచి పారుతోంది. మెట్లెక్కి బయటికొస్తే పక్కనే రాయల్ కోర్ట్.

నాలుగు వందల సీట్లు కూడా లేని హాలు. ఇంత చిన్నదని నేను ఎప్పుడూ అనుకోలేదు. 1956 మే 8న జాన్ ఆస్‌బర్న్ నాటకం 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' ఇక్కడే మొదలైంది. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు, చేతిలో పనిలేని నటుడు. జార్జ్ డివైన్ కొత్తగా పెట్టిన ఇంగ్లిష్ స్టేజ్ కంపెనీ, కొత్త నాటకాలు పంపండని పత్రికలో ప్రకటన ఇస్తే ఈ రాతప్రతి వచ్చింది. దర్శకుడు టోనీ రిచర్డ్‌సన్. మొదటి సమీక్షలు అంతంతమాత్రమే. ఆ ఆదివారం 'అబ్జర్వర్'లో కెన్నెత్ టైనన్ మాత్రం, ఈ నాటకం చూడాలనుకోని మనిషిని నేను ప్రేమించగలనా అన్నది సందేహమే అని రాశాడు. అయినా హాలు నిండలేదు. అక్టోబరులో బీబీసీ టీవీలో ఒక భాగం చూపించాక టికెట్లు ఊపందుకున్నాయి.

ఎం.ఏ.లో ఈ నాటకం చదువుతున్నప్పుడు నాకు మొదటి పేజీలోనే చిక్కొచ్చింది. తెర లేచేసరికి ఆదివారం సాయంత్రం. వాలు కప్పు ఉన్న అటక గది. ఇద్దరు మగవాళ్లు పేపర్లు చదువుతుంటారు, ఆలిసన్ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి బట్టలు ఇస్త్రీ చేస్తుంటుంది. కాళ్లున్న ఇస్త్రీ బల్లను నేను అప్పటికి చూడలేదు. మా ఇంట్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె. నేల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద అమ్మ వంగి నాన్న చొక్కాలు రుద్దేది. అందుకని నా మనసులో ఆలిసన్ కూడా నేల మీదే కూర్చుంది. మొగుడు జిమ్మీ అంతంత మాటలంటుంటే ఆమె తలెత్తకుండా పని చేసుకుపోతుంది కదా, ఆ బొమ్మ నాకు అతికినట్టు సరిపోయింది. మూడో అంకం మొదట్లో అదే గది, అదే ఆదివారం, బల్ల దగ్గర మాత్రం ఆలిసన్ స్నేహితురాలు హెలెనా. చొక్కా కూడా జిమ్మీదే. రచయిత ఒక్క మాట చెప్పకుండా ఇద్దరు ఆడవాళ్ల బతుకు ఆ బల్ల దగ్గర చూపించేశాడు. అంతకు ముందు లండన్ పెద్ద థియేటర్లుండే వెస్ట్ ఎండ్ వేదిక మీద ఇస్త్రీ పని తెర వెనక పనిమనిషిది. బల్ల ముందుకు రావడమే పెద్ద మార్పని నేను క్లాసులో చెప్పేదాన్ని. నిన్న కాక మొన్నటి దాకా అది పుస్తకంలో ముక్క. ఇవాళ మూడో వరసలో కూర్చుని, వేదిక ఎంత దగ్గరో చూశాక, ఆ ఇస్త్రీపెట్టె ఆవిరి ఇక్కడి జనం ముఖానికి తగిలేదేమో అనిపించింది.

ఇందులో మనకు సంబంధించిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆలిసన్ తండ్రి, కల్నల్ రెడ్‌ఫెర్న్. 1914లో ఇంగ్లండ్ వదిలి, ఒక మహారాజు సైన్యం చూసుకుంటూ 1947 దాకా ఇండియాలోనే ఉండిపోయినవాడు. ఇండియా నుంచి రైలెక్కి వెళ్లిపోయిన రోజే తన లోకం అయిపోయిందని కూతురితో చెప్పుకుంటాడు. ఆ రైలు కదిలాక ప్లాట్‌ఫాం మీద మిగిలింది మనవాళ్లు. ఆ పేజీ చదివినప్పుడల్లా ఆ ముసలాయన మీద నాకు కోపం రావాలి, రాదు. అంత కోపంగా రాసిన నాటకంలో అందరికన్నా మెత్తని మాటలు ఆస్‌బర్న్ ఆయనకే ఇచ్చాడు.

రాత్రి అక్కడ ఆడుతున్న కొత్త నాటకం చూశాను. పక్కన కూర్చున్న అమ్మాయికి ఇరవై ఉంటాయేమో. రాయల్ కోర్ట్‌లో ఇప్పటికీ ముఖ్యమైన పని కొత్త రచయితలను వేదిక ఎక్కించడమే.

మూడో రోజు

ఇవాళంతా నడక. లెస్టర్ స్క్వేర్ దగ్గర గ్రేట్ న్యూపోర్ట్ స్ట్రీట్‌లో ఆర్ట్స్ థియేటర్ నుంచి పికడిల్లీ సర్కస్‌లో క్రైటీరియన్ దాకా పది నిమిషాలు కూడా పట్టదు. 1955లో ఒక నాటకం ఈ దారినే వెళ్తూ కొన్ని మాటలు పోగొట్టుకుంది.

శామ్యూల్ బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో' ఇంగ్లీషులో మొదట ఆడింది 1955 ఆగస్టు 3న, ఆర్ట్స్‌లో. దర్శకుడు పీటర్ హాల్ వయసు 24. మొదటి రోజు జనం మధ్యలో లేచి వెళ్లిపోయారు. ఆదివారం పత్రికల్లో హెరాల్డ్ హాబ్సన్, టైనన్ మెచ్చుకుంటూ రాశాక గానీ నాటకం నిలబడలేదు. సెప్టెంబరులో క్రైటీరియన్‌కు మార్చారు. చిక్కంతా అక్కడే. 1737లో మొదలై, 1843లో తిరగరాసిన చట్టం ప్రకారం జనానికి చూపించే ప్రతి కొత్త నాటకం రాతప్రతి రాజప్రాసాదంలో ఉండే లార్డ్ చాంబర్లెయిన్ ఆఫీసుకు పంపి లైసెన్సు తెచ్చుకోవాలి. ఆర్ట్స్ సభ్యులకు మాత్రమే ఆడే క్లబ్బు కాబట్టి అక్కడ అడిగేవాడు లేడు. క్రైటీరియన్ అందరిదీ. అందుకని కొన్ని మాటలు కొట్టేశారు, కొన్ని మార్చారు. లక్కీ అనే పాత్ర ఉపన్యాసంలో ఒక పేరు మొరటుగా వినిపిస్తోందని ఆ పేరే మార్చారు.

ఇంతకన్నా విచిత్రం రెండేళ్ల తర్వాత జరిగింది. బెకెట్ మరో నాటకం రాయల్ కోర్ట్‌లో 1957లో ఫ్రెంచిలో ఆడింది, లైసెన్సు ఇచ్చారు. అదే నాటకం 'ఎండ్‌గేమ్' పేరుతో ఇంగ్లీషులో వేస్తామంటే దేవుణ్ని తిట్టే ఒక్క మాట దగ్గర పట్టుకున్నారు. ఫ్రెంచిలో తిడితే ఫరవాలేదు, ఇంగ్లీషులో తిట్టకూడదు. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి ఆ తిట్టు బదులు 'పంది' అనే మాట పెట్టాక 1958లో అనుమతి దొరికింది. బెకెట్ ఒక్కో అక్షరం తూచి రాసే మనిషి. ఆ మాట మార్చడానికి ఆయన ఎంత కుమిలిపోయి ఉంటాడో, మాట విలువ తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

మనకిది కొత్త సంగతి కాదు. 1876లో మన దేశంలో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది ఈ ప్రభుత్వమే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి'ని ప్రజా నాట్యమండలి ఊరూరా ఆడుతుంటే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. బ్రిటన్‌లో ఈ సెన్సారు 1968 సెప్టెంబరు 26న పోయింది. మర్నాడే షాఫ్ట్స్‌బరీ థియేటర్లో 'హెయిర్' మొదలైంది.

అక్కడి నుంచి సెయింట్ జేమ్స్ ప్యాలెస్ మీదుగా కింగ్ స్ట్రీట్‌కు నడిచాను. చూడ్డానికి అక్కడ ఏమీ లేదని తెలిసే వెళ్లాను. సెయింట్ జేమ్స్ థియేటర్ ఉన్న చోట ఇప్పుడు ఆఫీసులు. 1957లో దాన్ని కూల్చేస్తారంటే నటి వివియన్ లీ వీధుల్లో ఊరేగింపు తీసింది, హౌస్ ఆఫ్ లార్డ్స్ గ్యాలరీలో లేచి నిలబడి అరిచింది. ఆగలేదు.

ఆ హాల్లోనే 1954లో టెరెన్స్ రాటిగన్ 'సెపరేట్ టేబుల్స్' వేశారు. ఆస్‌బర్న్ వచ్చాక రాటిగన్ పని అయిపోయిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు చెప్పను. సముద్రపు ఒడ్డున చిన్న హోటల్లో ఉంటున్న మేజర్ ఒకాయన సినిమా హాల్లో ఆడవాళ్లతో తప్పుగా ప్రవర్తించాడని పేపర్లో పడుతుంది. రాటిగన్ మనసులో ఉన్న నేరం అది కాదు. మగవాళ్ల మధ్య ప్రేమ 1967 దాకా ఇక్కడ జైలు శిక్ష పడే నేరం. వేదిక మీద ఆ ఊసు ఎత్తనివ్వరు. రచయిత తన బతుకంతా దాచుకున్నదాన్ని నాటకంలోనూ దాచాల్సి వచ్చింది. చివర్లో భోజనాల గదిలో మేజర్ తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటాడు. ఒక్కొక్కరే ఆయనతో వాతావరణం గురించో, క్రికెట్ గురించో మామూలుగా మాట కలుపుతారు. నాకు ఇప్పటికీ ఆ సీను చదువుతుంటే గొంతు పట్టేస్తుంది.

నాలుగో రోజు

స్ట్రాట్‌ఫర్డ్ ఈస్ట్ మా తమ్ముడి ఇంటి నుంచి బస్సు దూరం. మేనకోడలు కాలేజీకి ఆ పక్కగానే వెళ్తుంది, అయినా థియేటర్ లోపలికి ఎప్పుడూ వెళ్లలేదంది. "ఇవాళ వెళ్దాం పద" అని లాక్కెళ్లాను.

చుట్టూ షాపింగ్ మాళ్లు, అద్దాల మేడలు. మధ్యలో 1884 నాటి థియేటర్ రాయల్. ముందు దర్శకురాలు జోన్ లిటిల్‌వుడ్ విగ్రహం. టోపీ పెట్టుకుని, ఇటుకల కుప్ప మీద కూర్చున్నట్టు ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్లన్నీ కూలుస్తున్న రోజుల్లో ఆమె అలాగే కూర్చున్న ఫొటో ఒకటి ఉంది. ఆమె, మేనేజరు గెర్రీ రాఫిల్స్ తమ థియేటర్ వర్క్‌షాప్ బృందంతో 1953లో ఇక్కడికొచ్చారు. పాడుబడ్డ హాలు. నటులే కప్పు బాగుచేశారు, రంగులేశారు, డబ్బుల్లేక మేకప్ గదుల్లోనే పడుకున్నారు. మన సమాజాలవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మా నాన్న వాళ్లు తెరలు మోసుకుని రైలెక్కేవాళ్లు, ఆట అయ్యాక ఆ తెరల మీదే పడుకునేవాళ్లు.

షీలా డిలేనీ సాల్ఫర్డ్ అమ్మాయి, 19 ఏళ్లు. రాటిగన్ నాటకం ఒకటి చూసి, ఇంతకన్నా నేను బాగా రాయగలనని కూర్చుని 'ఎ టేస్ట్ ఆఫ్ హనీ' రాసి లిటిల్‌వుడ్‌కు పంపింది. 1958 మే 27న ఇక్కడ వేశారు. తల్లీకూతుళ్లు, అద్దె గది, నల్లజాతి నావికుడితో ప్రేమ, కడుపుతో ఉన్న పిల్లను కనిపెట్టుకుని ఉండే ఒక స్నేహితుడు. లిటిల్‌వుడ్ దానికి జాజ్ వాద్యాలు పెట్టి, నటుల చేత నేరుగా జనంతో మాట్లాడించింది. నవ్విస్తూ నవ్విస్తూనే గుండె మీద కొట్టే నాటకం. "పంతొమ్మిదేళ్లకా?" అని మేనకోడలు రెండుసార్లు అడిగింది. దానికీ పంతొమ్మిదే.

1963లో వేసిన 'ఓ వాట్ ఎ లవ్లీ వార్' గురించి బుర్రకథ చూసిన మనిషికి చెప్పడం తేలిక. నటులు తెల్లటి విదూషకుల దుస్తుల్లో పాటలు పాడుతూ, హాస్యమాడుతూ మొదటి ప్రపంచ యుద్ధం కథ నడుపుతారు. వెనక వెలుగుతున్న అక్షరాల్లో ఏ యుద్ధంలో ఎన్ని వేలమంది చచ్చిపోయారో లెక్క కదిలిపోతుంటుంది. పాట ఆగదు, లెక్కా ఆగదు. హాస్యం ఎంత బరువు మోయగలదో అంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

అయిదో రోజు

ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన వైట్‌హాల్ థియేటర్. ఇప్పుడు పేరు ట్రఫాల్గర్ థియేటర్. 1950 నుంచి 1966 దాకా బ్రయన్ రిక్స్ ఇక్కడ వరసగా అయిదు ప్రహసనాలు ఆడాడు. మొదటిది 'రిలక్టెంట్ హీరోస్', ఆ తర్వాత 'డ్రై రాట్'. తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, తప్పు మనిషి తప్పు గదిలోకి రావడం, ప్యాంటు జారిపోవడం. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక పేరా కూడా ఉండదు. రాయల్ కోర్ట్ హాలు ఖాళీగా ఉన్న రాత్రుల్లో కూడా ఇక్కడ జనం కిటకిటలాడారు. తలుపు అర క్షణం ముందు తెరిస్తే నవ్వు రాదు, అర క్షణం ఆలస్యమైనా రాదు. ఆ అర క్షణం కోసం మా నాన్న పెరట్లో దండెం మీద దుప్పటి కట్టి, దాన్నే తలుపనుకుని ఇరవైసార్లు లోపలికీ బయటికీ నడవడం నేను చూశాను.

రిక్స్ కూతురు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. అలాంటి పిల్లలకు అప్పట్లో దిక్కూ మొక్కూ లేదు. ఆయన తర్వాతి జీవితమంతా వాళ్ల కోసమే పనిచేశాడు, మెన్‌క్యాప్ సంస్థను నడిపించాడు. హాలు బయట కాసేపు నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం హామర్‌స్మిత్. అక్కడి లిరిక్ థియేటర్లో 1958 మేలో హెరాల్డ్ పింటర్ 'ది బర్త్‌డే పార్టీ' ఎనిమిది ఆటలకే ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం ఆటకు పట్టుమని పదిమంది లేరు. పైఅంతస్తులోకి వెళ్తున్న పింటర్‌ను ఎవరు నువ్వని అక్కడి పనావిడ ఆపిందట. రచయితనంటే, అయ్యో పాపం అని లోపలికి పంపిందట. హాబ్సన్ ఆకాశానికెత్తుతూ రాసిన సమీక్ష ఆదివారం అచ్చయ్యేసరికే నాటకం ఎత్తేశారు. ఆ పాత హాలు లోపలి నగిషీలన్నీ విప్పి, 1979లో కొత్త కట్టడంలో మళ్లీ అమర్చారు. బయట సిమెంటు గోడలు, లోపల విక్టోరియా కాలం బంగారు లతలు.

ఆరో రోజు

కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి, యార్క్‌లో మారి స్కార్‌బరో చేరేసరికి సన్నగా వాన. ప్లాట్‌ఫాం పొడుగునా ఒకటే చెక్క బెంచీ, ఎంతదూరం చూసినా అయిపోదు. ఒకప్పుడు వేసవిలో సముద్రానికొచ్చిన జనమంతా తిరుగు రైలు కోసం ఇక్కడే కూర్చునేవాళ్లు.

ముందు వెర్నన్ రోడ్డులోని లైబ్రరీకి వెళ్లాను. 1955 వేసవిలో స్టీఫెన్ జోసెఫ్ ఈ లైబ్రరీ మేడ మీద గదిలో నడిమధ్య ఆట ఆడించి, నాలుగు వైపులా జనాన్ని కూర్చోబెట్టాడు. తెర లేదు, వెనక గోడ లేదు. ఇంగ్లండుకు అది వింత. వీధి భాగవతం చుట్టూ చాపలు పరుచుకుని కూర్చున్న మనకు కాదు. ఆ బృందంలోకి 1957లో స్టేజి పనులకొచ్చిన కుర్రాడు అలన్ ఐక్‌బోర్న్. నాకు మంచి వేషం కావాలని గొణిగితే, అయితే నువ్వే రాసుకో అన్నాడు జోసెఫ్. 1959లో మొదటి నాటకం రాశాడు. హామర్‌స్మిత్‌లో చచ్చిపోయిందనుకున్న 'బర్త్‌డే పార్టీ'ని అదే ఏడు ఈ బృందం మళ్లీ వేస్తే, పింటరే దర్శకుడు, ముఖ్య పాత్ర స్టాన్లీ వేషం ఐక్‌బోర్న్‌ది. పాఠాల్లో వేరువేరు అధ్యాయాల్లో ఉండే మనుషులు ఒకే రిహార్సల్లో ఉన్నారు!

తర్వాత జోసెఫ్ ఆయన్ని ఒకటే అడిగాడు. వానకు సెలవు పాడై, బట్టలారేదాకా తలదాచుకోవడానికి హాల్లోకొచ్చిన జనం నవ్వుకునే నాటకం రాసిపెట్టమని. అలా 1965లో వచ్చిందే, రెండేళ్ల తర్వాత 'రిలేటివ్లీ స్పీకింగ్' పేరుతో లండన్‌ను నవ్వించింది. మంచం కింద దొరికిన ఒక జత చెప్పులతో కథ మొదలవుతుంది.

ఇప్పటి స్టీఫెన్ జోసెఫ్ థియేటర్ స్టేషన్ ఎదురుగానే, పాత ఓడియన్ సినిమా హాల్లో ఉంది. తడిసిన కోటుతోనే లోపలికెళ్లాను. గుండ్రంగా నాలుగు వందల సీట్లు. హాస్య నాటకం. నాకు దొరికింది మూడో వరస. నటుడు నాకు వీపు పెట్టినప్పుడు అతని ముఖం కనిపించలేదు, ఎదుటి వరసలో జనం ముఖాలు కనిపించాయి. అతనేం చేశాడో వాళ్ల నవ్వులో చూశాను. ఇన్నేళ్లూ వేదిక వైపే చూశాను కానీ, నవ్వు ఒక ముఖం నుంచి పక్క ముఖానికి పాకడం ఇంత దగ్గరగా చూడలేదు.

ఇంటర్వెల్లో సంచిలోంచి నోటు పుస్తకం తీశాను. అంచులు తడిశాయి. ఇలా రాసుకున్నాను: "మొదటి అంకం. ఉత్తరం చదివే చోట నవ్వలేదు. కుడివైపు ఎవరో దగ్గారు, చివరి మాట వినపడలేదు. టీ కప్పు మార్చుకునే చోట నవ్వు సగంలో ఆగింది. ఆమె కొంచెం ముందు కూర్చుంది." తారీఖు వేసి, పెన్ను మూత పెట్టేలోపు రెండో అంకానికి దీపాలు తగ్గాయి.